నలభై మిల్లీమీటర్ల దగ్గర పట్టేసిన సీటు: ఒక డ్రాపర్ పోస్టు మరమ్మతు డైరీ

ముందుగా సైకిలు వివరాలు. అల్యూమినియం ఫ్రేము మౌంటెన్ బైకు, 31.6 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. కదలిక గల డ్రాపర్ సీట్‌పోస్టు (నడుపుతూనే సీటును దింపి, లేపుకోనిచ్చే గొట్టం). హ్యాండిల్ ఎడమవైపు లీవరు నుంచి ఫ్రేము లోపలి గుండా పోస్టు అడుగుకు వెళ్లే కేబుల్. కొని మూడేళ్లయింది. నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లి అనంతగిరి కొండల బాటల్లో నడుపుతాను. వర్షాకాలంలో అక్కడి ఎర్రమట్టి వెనక చక్రం మీదుగా లేచి, నేరుగా సీటు కింద గొట్టానికే పూత వేస్తుంది.

పోస్టు పనితీరు తెలియనివారు ఆఫీసు కుర్చీని తలచుకుంటే చాలు. కుర్చీ కింద ఉండే గ్యాస్ సిలిండరు లాంటిదే, అంతకన్నా సన్ననిది, ఈ పోస్టులో కార్ట్రిడ్జ్ పేరుతో ఉంటుంది. లీవరు నొక్కితే లోపలి వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు కూర్చుంటే సీటు దిగుతుంది, లేస్తే గ్యాస్ ఒత్తిడికి పైకి వస్తుంది. లీవరు వదిలితే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. సీటును మోసే లోపలి గొట్టం బయటి గొట్టంలో జారుతుంది. అది గుండ్రంగా తిరిగిపోకుండా దాని అడుగున మూడు సన్నని ఇత్తడి బద్దలు ఉంటాయి. వాటిని బ్రాస్ కీలంటారు. ఇవి బయటి గొట్టం లోపలి గాడుల్లో పైకీ కిందికీ జారుతుంటాయి. బయటి గొట్టం పై అంచున తిప్పి బిగించే కాలరు, అందులో మట్టిని అడ్డుకొనే డస్ట్ సీలు, దాని కిందనే లోపలి గొట్టం ఆనుకొని జారే బుష్ ఉంటాయి. ఈ ఐదు పేర్లు గుర్తుంటే మిగిలినదంతా అర్థమవుతుంది.

దశ 1: లక్షణాన్ని అంకెల్లోకి మార్చడం (జూన్ 28)

ఫిర్యాదు ఇది: దింపిన సీటు పైకి వస్తూ, ఇంకా నలభై మిల్లీమీటర్లు ఉందనగా పట్టేస్తోంది. చేత్తో లాగితే టక్కున లేస్తుంది. దింపడానికి కూడా ఒళ్లంతా బరువు వేయవలసి వస్తోంది. "బాగా గట్టిగా ఉంది", "కాస్త నయమైంది" వంటి మాటలతో మరమ్మతు చేస్తే మనను మనమే మోసం చేసుకుంటామని పాత అనుభవాల వల్ల తెలుసు కాబట్టి, ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకముందే నాలుగు కొలతలు తీసుకున్నాను.

1. లీవరు బరువు: విమాన ప్రయాణాలకు లగేజీ తూచుకొనే కొక్కెం త్రాసును లీవరు చివర తగిలించి, సీటు కదలడం మొదలయ్యే వరకు లాగాను. 4.6 కిలోలు.
2. దింపే బరువు: లీవరును ప్లాస్టిక్ టైతో హ్యాండిల్ గ్రిప్పుకు కట్టేసి, సీటు మీద చెక్కపలక, దానిమీద ఇంట్లో ఒళ్లు తూచుకొనే యంత్రం పెట్టి, రెండు చేతులతో నొక్కాను. 31 కిలోలు.
3. లేచే సమయం: ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టాను. పూర్తిగా లేచిన సార్లలో సగటున 576 ఫ్రేములు, అంటే 2.4 సెకన్లు.
4. పట్టేసిన సార్లు: పదింటికి ఏడు. ఏడుసార్లూ సీటు, అడుగు నుంచి లెక్కిస్తే, 105 నుంచి 112 మి.మీ. మధ్యనే ఆగింది.

నాలుగో కొలత చివరి వాక్యాన్ని ఆరోజు రాసుకున్నాను గానీ చదువుకోలేదు. ఒకే చోట ఆగుతున్న వస్తువు ఆ చోట ఏదో ఉందని చెబుతోంది. అది అర్థం కావడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఇప్పటివరకు: ₹0, ఒకటిన్నర గంట.

దశ 2: స్ప్రే కొట్టిన పొరపాటు (జూలై 2 నుంచి 6 వరకు)

తుప్పు వదిలించే స్ప్రే ఒక డబ్బా కొని, కాలరు చుట్టూ కొట్టి, సీటును ఇరవైసార్లు ఆడించాను. అద్భుతంగా పనిచేసింది. లేచే సమయం 1.5 సెకన్లకు దిగింది, పదిసార్లలో ఒక్కసారి కూడా పట్టేయలేదు. సమస్య తీరిందనుకొని 22 కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ కొలిస్తే, పదింటికి తొమ్మిదిసార్లు పట్టేసింది.

కారణం కష్టమైనదేమీ కాదు. ఆ స్ప్రేలో ఉండే పల్చని ద్రావకం డస్ట్ సీలు దాటి లోపలికి దిగి, బుష్ మీద మిగిలి ఉన్న కాస్త గ్రీజును కూడా కరిగించి బయటికి తెస్తుంది. రెండు రోజుల్లో ద్రావకం ఆరిపోయాక మిగిలేది జిడ్డు పూత. దానికి బాటలోని ధూళి అంటుకుంటుంది. లోపలి గొట్టం దిగిన ప్రతిసారీ ఆ ధూళిని తానే స్వయంగా సీలు కిందికి మోసుకుపోతుంది. కాలరు అంచున వేలు పెట్టి తీస్తే, పప్పుగుత్తికి అంటుకున్న ముద్దలా, ఎర్రని జిగురు వచ్చింది.

ఇప్పటివరకు: ₹240, రెండు గంటలు.

దశ 3: కేబుల్ మార్పు, మళ్లీ మార్పు (జూలై 12 నుంచి 20 వరకు)

లీవరు లాగడానికి 4.6 కిలోలు అవసరమవుతున్నదంటే కేబుల్‌లో రాపిడి ఉన్నట్టే. అంతవరకు నా ఆలోచన సరైనదే. పాత ఇన్నర్ (కేబుల్ లోపలి తీగ) బయటికి తీసి చూస్తే, పెడళ్ల ఇరుసు దగ్గర వంపు తిరిగే చోట రెండు అంగుళాల మేర తుప్పు పట్టి ఉంది. ఔటర్ (తీగ మీది తొడుగు) కూడా అక్కడే నలిగింది. ఫ్రేములోకి చేరిన నీరు బయటికి పోయే దారి లేక ఆ వంపు దగ్గరే నిలుస్తుంది.

గేరు కేబుల్ రకం 1.2 మి.మీ. ఇన్నర్, 4 మి.మీ. ఔటర్ తెచ్చుకున్నాను. బ్రేకు ఔటర్ వాడకూడదు. అందులోని తీగ స్ప్రింగులా చుట్టి ఉండటం వల్ల లాగినప్పుడు నొక్కుకుపోయి, లీవరు కదలికలో కొంత భాగాన్ని తానే మింగేస్తుంది.

1. పాత ఔటర్ కొసకు కొత్తదాన్ని సన్నని తీగతో, టేపుతో అతికించి, పాతదాన్ని లాగుతూ కొత్తదాన్ని ఫ్రేములోకి పంపాను. ఇలా చేయకపోతే ఫ్రేము లోపల దారి వెతుక్కోవడానికి ఒక పూట పడుతుంది.
2. ఔటర్ కోసిన చోట మూసుకుపోయిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో తెరిచి, కొస చదునుగా అరగదీసి, టోపీ తొడిగాను.
3. ఇన్నర్ గుండును పోస్టు అడుగున ఉన్న యాక్చుయేటర్‌లో (కేబుల్ లాగితే వాల్వును తెరిచే మీట) కూర్చోబెట్టి, రెండో కొసను లీవరు దగ్గర బిగించి, మిగులు తీగను కోసేశాను.

లీవరు బరువు 2.1 కిలోలకు దిగింది. తరువాత వీధి చివర మలుపు దగ్గర హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పగానే సీటు నా కిందనుంచి దిగిపోయింది. ఔటర్‌ను 30 మి.మీ. పొట్టిగా కోశాను. హ్యాండిల్ తిరిగినప్పుడు ఔటర్ చాలక తన పీఠం నుంచి బయటికి వచ్చి, ఇన్నర్ బిగిసి, వాల్వు తానుగా తెరుచుకుంది. పొట్టి ఔటర్‌తో మరొక ఇబ్బంది కూడా ఉంది: పోస్టును ఫ్రేము నుంచి బయటికి తీయాలంటే హ్యాండిల్ వైపు నుంచి ఔటర్‌ను లోపలికి తోయగలగాలి, దానికి మిగులు కావాలి. కొత్త ఔటర్ పొడవుగా వేశాను. ఇన్నర్‌ను అప్పటికే కోసేశాను కనుక అదీ మళ్లీ కొన్నాను. మిగులు తీగను అన్ని పరీక్షలూ అయ్యాకే కోయాలన్న సంగతికి నేను చెల్లించిన రుసుము ఐదు వందల రూపాయలు.

కేబుల్ బిగువు గురించి ఒక మాట. మరీ బిగువుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోక, కూర్చున్న సీటు మెల్లగా కుంగుతుంది. మరీ వదులైతే వాల్వు పూర్తిగా తెరుచుకోక, సీటు నీరసంగా లేస్తుంది. లీవరు మొదట్లో 1 నుంచి 2 మి.మీ. ఖాళీగా కదిలి, ఆ తరువాతే కేబుల్‌ను పట్టుకొనేలా ఉంచాను.

ఇన్ని చేశాక, పట్టేసిన సార్లు: పదింటికి ఏడు. మొదటి రోజు ఎంతో అంతే. లేచే సమయం మాత్రం 2.4 నుంచి 2.2 సెకన్లకు వచ్చింది. వేలికి సుఖంగా ఉన్నంత మాత్రాన పోస్టు బాగుపడినట్టు కాదు.

ఆ నిరాశలో, అదే రాత్రి, కార్ట్రిడ్జ్ చచ్చిపోయిందని తీర్మానించుకొని ₹3,600 పెట్టి కొత్తది తెప్పించాను. దాన్ని సమర్థించే కొలత ఒక్కటి కూడా నా పుస్తకంలో లేదు.

ఇప్పటివరకు: ₹4,840, ఆరున్నర గంటలు.

దశ 4: మొదటే చేయవలసిన పరీక్ష (జూలై 26 నుంచి ఆగస్టు 4 వరకు)

కార్ట్రిడ్జ్ మార్చడానికని పోస్టును ఫ్రేము నుంచి బయటికి తీసి, బాల్కనీలో నేలమీద నిలబెట్టి, అడుగున ఉన్న యాక్చుయేటర్‌ను అలెన్ కీతో నొక్కి చూశాను. లోపలి గొట్టం కప్పలా ఎగిరింది. వీడియో తీసి లెక్కిస్తే 168 ఫ్రేములు, 0.7 సెకన్లు. పదిసార్లలో ఒక్కసారి కూడా ఆగలేదు. పాత కార్ట్రిడ్జ్ బలంగానే ఉంది. కొత్త కార్ట్రిడ్జ్ డబ్బా పక్కనే, సీలు కూడా తీయకుండా ఉంది.

పోస్టు బయట బాగా పనిచేసి ఫ్రేములో పట్టేస్తోందంటే, ఫ్రేము దానికి ఏదో చేస్తోందన్నమాట. అనుమానించవలసినది సీట్ క్లాంపు, అంటే పోస్టును ఫ్రేములో బిగించి పట్టే పట్టీ. క్లాంపు మీద బోల్టు బిగువు 6 న్యూటన్ మీటర్లు దాటవద్దని ముద్రించే ఉంది. నేను ఏడాదిగా దాన్ని అంచనా మీద, చేతికి ఎంత బలముంటే అంత, బిగిస్తూ వచ్చాను. ఎందుకంటే అంతకుముందు పోస్టు మొత్తం ఫ్రేములోకి జారేది. "బోల్టు ఇంకో అరచుట్టు తిప్పండి సార్, జన్మలో జారదు" అని మెకానిక్ అన్న చెప్పింది నిజమే, జారలేదు. బయటి గొట్టం గోడ సన్ననిది. క్లాంపు పిండితే అది లోపలికి నొక్కుకొని, సరిగ్గా అక్కడే ఉన్న బుష్‌ను లోపలి గొట్టానికి అదుముతుంది.

బిగువును అంకెల్లో చూపే టార్క్ రెంచి కొని, ఒక్కొక్క బిగువు దగ్గర పదేసిసార్లు కొలిచాను.

1. 8 న్యూటన్ మీటర్లు: పట్టేసినవి 7, లేచే సమయం 2.2 సెకన్లు.
2. 7 న్యూటన్ మీటర్లు: పట్టేసినవి 5, సమయం 1.9.
3. 6 న్యూటన్ మీటర్లు: పట్టేసినవి 2, సమయం 1.4.
4. 5 న్యూటన్ మీటర్లు: పట్టేసినవి 0, సమయం 1.1.
5. 4 న్యూటన్ మీటర్లు: పట్టేసినవి 0, సమయం 0.9.

మొదటి వరుసను జూలై 20 నాటి అంకెలతో పోల్చితే నా చేతి అంచనా దాదాపు 8 న్యూటన్ మీటర్లని తేలింది. కారణం క్లాంపేనని రూఢి చేసుకోవడానికి ఇంకొక పరీక్ష చేశాను. బిగువు 8 దగ్గరే ఉంచి, పోస్టును మాత్రం ఫ్రేము నుంచి 15 మి.మీ. పైకి లేపాను. అప్పుడు క్లాంపు బుష్‌కు కాస్త దిగువన పడుతుంది. పట్టేసినవి పదింటికి ఒకటే. పోస్టు మీద గీసి ఉన్న కనీస లోతు గీత దాటనంతవరకు, కాళ్లు పొడవైనవారికి ఇది డబ్బు ఖర్చులేని మందు. నా మోకాళ్లకు మాత్రం ఆ ఎత్తు కుదరలేదు.

1984లో అమెరికాలో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ తెచ్చిన హైట్ రైట్‌ను చూసినవారికి ఇది తమాషాగా అనిపించవచ్చు. సీట్‌పోస్టుకూ ఫ్రేముకూ మధ్య తగిలించే స్ప్రింగు అది; సీటు దింపాలంటే క్లాంపునే వదులు చేసి కూర్చోవాలి. అక్కడ క్లాంపు వదలడమే పద్ధతి. ఇక్కడ క్లాంపు జారనివ్వకుండా పట్టుకోవాలి, కానీ పిండకూడదు. ఆ రెండింటి మధ్య చోటు చాలా ఇరుకు.

ఎంత ఇరుకో మరునాడే తెలిసింది. 5 న్యూటన్ మీటర్లతో 18 కిలోమీటర్లు తిరిగొస్తే, టేపు అంటించి పెట్టుకున్న గుర్తు నుంచి పోస్టు 6 మి.మీ. ఫ్రేములోకి జారింది. నా బరువు 74 కిలోలు. జారడానికి కారణం కూడా నేనే: అల్యూమినియం అతుక్కుపోకూడదని, ఫ్రేములో పోస్టు దిగే సీటు గొట్టం నిండా గ్రీజు పూశాను. గ్రీజు పూసి జారేలా చేయడం, జారుతోందని పిండడం, పిండినందుకు పట్టేస్తే కేబుల్ మార్చడం. ఏడాదిగా నేను చేస్తూ వచ్చింది ఇదే.

మార్చినవి ఇవి.

1. సీటు గొట్టం లోపల, పోస్టు బయట ఉన్న గ్రీజునంతా గుడ్డతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాను.
2. పోస్టు మీద ఫ్రిక్షన్ పేస్టు పల్చగా రాశాను. కార్బన్ భాగాలు బిగించడానికి వాడే, సన్నని ప్లాస్టిక్ రేణువులుండే జెల్లు ఇది. వేళ్ల మధ్య నలిపితే పంచదార పాకంలో రవ్వ కలిసినట్టుంటుంది. ఆ రేణువులే తక్కువ బిగువులో జారకుండా పట్టుకుంటాయి.
3. క్లాంపు బోల్టు మరలకు మాత్రం కొద్దిగా గ్రీజు పెట్టాను. ఎండిపోయిన మరల రాపిడికే రెంచి చూపే అంకెలో కొంత పోతుంది. గ్రీజు పెట్టాక అదే అంకెకు క్లాంపు ఇంకా ఎక్కువ పిండుతుంది. అందుకే పై ఐదు వరుసల అంకెలు ఎండిన మరలవని గమనించాలి. గ్రీజు పెట్టాక నాకు 4.5 సరిపోయింది.
4. క్లాంపు చీలికను ఫ్రేము చీలికకు ఎదురు వైపు తిప్పి కూడా చూశాను. కొలతల్లో తేడా ఏమీ కనిపించలేదు. మళ్లీ మామూలుగా పెట్టేశాను.

4.5 న్యూటన్ మీటర్ల దగ్గర లేచే సమయం 1.0 సెకను, పట్టేసినవి సున్నా. 26 కిలోమీటర్లు తిరిగి వచ్చి చూస్తే పోస్టు టేపు గుర్తు దగ్గరే ఉంది. కానీ మట్టి కొట్టుకున్న ఆ స్థితిలో పదింటికి మూడుసార్లు పట్టేసింది. ఆగినది మళ్లీ 110 మి.మీ. దగ్గరే.

ఇప్పటివరకు: రెంచి ₹2,300, పేస్టు ₹380 కలిపి ₹7,520, పదిన్నర గంటలు.

దశ 5: పోస్టును విప్పడం (ఆగస్టు 9 నుంచి 24 వరకు)

క్లాంపు పిండటం అసలు రోగమైతే, ఎప్పుడూ అదే చోట ఎందుకు ఆగాలి? దీనికి సగం జవాబు గ్యాస్ స్వభావంలోనే ఉంది. కార్ట్రిడ్జ్ సాగేకొద్దీ లోపలి గ్యాస్ ఒత్తిడి తగ్గుతుంది. అడుగున ఉన్నంత తోపు పైకి వచ్చాక ఉండదు, కనుక రాపిడి గెలిచేది చివరి భాగంలోనే. మిగతా సగం జవాబు కోసం పోస్టును ఫ్రేము బయట పెట్టి, చేత్తో మెల్లగా, అంగుళం అంగుళం లేపి చూశాను. 110 మి.మీ. దగ్గర అరచేతికి చిన్న టక్కు తగిలింది. వేగంగా ఎగిరినప్పుడు అది తెలియదు.

విప్పే ముందు రెండు హెచ్చరికలు. కార్ట్రిడ్జ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు, కోయరాదు. అందులో ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉంటుంది. సీటు దింపి ఉన్నప్పుడు సైకిలును సీటు పట్టుకొని ఎత్తకూడదు, వేలాడదీయకూడదు. కార్ట్రిడ్జ్ లోపలి సీలు దాటి, అందులోని నూనెలోకి గ్యాస్ చేరి, కూర్చుంటే స్పంజిలా కుంగడం మొదలవుతుంది.

1. సీటు తీసి, యాక్చుయేటర్‌ను విప్పాను.
2. కాలరు చేతికి తిరగలేదు. పట్టకారు పెడితే గాట్లు పడతాయి కనుక, పాత సైకిలు ట్యూబు ముక్కను చుట్టి తిప్పాను, వచ్చింది.
3. లోపలి గొట్టాన్ని పైకి లాగాను. మూడు ఇత్తడి బద్దల్లో ఏది ఏ గాడిదో స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని గుర్తుపెట్టి, ఫోటో తీసుకున్నాను.

గ్రీజు అనదగినది లోపల ఏదీ లేదు. బుష్ చుట్టూ ముదురు గోధుమరంగు పొర, దానిలో ఇసుక. అంతా కడిగాక వెర్నియర్‌తో బద్దల మందం కొలిచాను: మొదటిది 3.00, రెండోది 3.00, మూడోది ఒక కొస దగ్గర 3.04 మి.మీ. ఆ కొసలో ఇసుక రేణువు ఒకటి దిగబడి, చుట్టూ ఇత్తడిని పైకి ఉబికించింది. ఎండలో తిప్పి చూస్తే ఆ ఉబుకు మెరిసింది.

తరువాత బయటి గొట్టం. దాని గాడుల్లోకి వేలు పట్టదు. చీపురుపుల్లకు దూది చుట్టి ఒక్కొక్క గాడిలో పైనుంచి కిందికి లాగాను. రెండు గాడుల్లో దూది నున్నగా జారింది. మూడోదానిలో ప్రతిసారీ ఒకే చోట రెండు మూడు పోగులు చిక్కుకుపోయాయి. పుల్ల మీద గుర్తు పెట్టి కొలిస్తే, ఆ చోటు కాలరు అంచు నుంచి 125 మి.మీ. లోతున ఉంది. పోస్టు పూర్తిగా లేచి ఉన్నప్పుడు బద్దలు 85 మి.మీ. లోతున ఉంటాయి. రెండింటి తేడా నలభై. జూన్ 28న రాసుకున్న నలభై ఇదే. ఉబికిన బద్ద ఆ గీతను దాటవలసిన చోట గ్యాస్ తోపు తగ్గి ఉంటుంది, పైన క్లాంపు పిండుతూ ఉంటుంది; మూడూ కలిస్తే సీటు ఆగుతుంది.

గీతను సరిచేయడానికి పుల్లకు 1000 నంబరు నీళ్ల ఎమరీ చుట్టి, ఆ చోట మాత్రమే, దూది చిక్కుకోవడం ఆగేవరకు మెల్లగా రుద్దాను. పన్నెండు రుద్దులు పట్టింది. అంతవరకు బాగుంది. అదే ఊపులో మూడో బద్దను 400 నంబరు ఎమరీ మీద అరగదీశాను. 3.00 దగ్గర ఆగాలనుకున్నాను. ఇత్తడి మెత్తనిదని తెలిసి కూడా మధ్యలో కొలవలేదు, చూసేసరికి 2.91. దాన్నే వేసి బిగిస్తే సీటు ముక్కు అటూ ఇటూ 6 మి.మీ. ఆడింది. విప్పకముందు ఆట 2 మి.మీ. మాత్రమే. పోగొట్టుకున్న ఇత్తడిని తిరిగి పెట్టలేము. వేరువేరు మందాల బద్దలుండే సెట్టు తెప్పించి, గాడుల్లో చేత్తో తోస్తే బిగుతు లేకుండా, ఊపితే చప్పుడు రాకుండా కూర్చొనే మూడు ఏరుకున్నాను. నాకు సరిపోయినవి మూడూ ఒకే మందం, 2.99.

తిరిగి బిగించినప్పుడు కూడా ఒకసారి తప్పాను. సస్పెన్షన్ ఫోర్కులకు వాడే పల్చని గ్రీజును, ఎండిపోయి ఉన్నదన్న జాలితో, బుష్ నిండా, గాడుల నిండా దట్టించాను. లేచే సమయం ఫ్రేము బయటే 1.6 సెకన్లు వచ్చింది. గ్రీజు అంత ఎక్కువైతే అదే అడ్డం. గొట్టం కదిలిన ప్రతిసారీ ఆ ముద్దను తోసుకుంటూ పోవాలి. మళ్లీ విప్పి, బద్దలకు వేలిముద్ర పడేంత, బుష్‌కు మెరుపు వచ్చేంత మాత్రమే ఉంచి మిగతాది తుడిచేశాను. కొత్త డస్ట్ సీలు లోపలి అంచుకు కాస్త ఎక్కువ పెట్టాను. అక్కడ నిలిచిన గ్రీజు ధూళిని పట్టి ఆపుతుంది. బండి ఇరుసులకు వాడే చిక్కని గ్రీజును మాత్రం ఈ పోస్టులో వాడదలచుకోలేదు.

ఇప్పటివరకు: ఆల్కహాల్ ₹260, గ్రీజు ₹950, డస్ట్ సీలు ₹450, బద్దల సెట్టు ₹700 కలిపి ₹9,880, పదహారు గంటలు. (ఆల్కహాల్ నాలుగో దశలోనే వాడాను, కానీ అప్పుడు లెక్కలో వేయడం మరిచాను.)

దశ 6: మళ్లీ అవే కొలతలు (ఆగస్టు 25, సెప్టెంబరు 21)

ఫ్రేములో బిగించి, క్లాంపు 4.5 దగ్గర ఉంచి, మొదటి రోజు వాడిన త్రాసు, పలక, ఫోనులతోనే కొలిచాను.

1. లీవరు బరువు: 4.6 నుంచి 2.1 కిలోలు.
2. దింపే బరువు: 31 నుంచి 19 కిలోలు.
3. లేచే సమయం: 2.4 నుంచి 0.8 సెకన్లు, 192 ఫ్రేములు.
4. పట్టేసినవి: ఏడు నుంచి సున్నా.
5. సీటు ముక్కు ఆట: 2 మి.మీ.

ఆ తరువాత నాలుగు విడతల్లో 143 కిలోమీటర్లు తిరిగాను. రెండు విడతల్లో అనంతగిరిలో గట్టి వాన పడింది. సెప్టెంబరు 21న, సైకిలు కడగకుండానే కొలిచాను: లేచే సమయం 0.9, పట్టేసినవి సున్నా, పోస్టు టేపు గుర్తు దగ్గరే. ప్రతి ప్రయాణం తరువాత సీటు పూర్తిగా పైకి లేపి, తడిగుడ్డతో లోపలి గొట్టాన్ని, కాలరు అంచును తుడుస్తున్నాను. నీళ్ల పైపు నేరుగా కాలరు మీదికి పెట్టడం మానేశాను.

లెక్క తేల్చితే, ₹9,880లో స్ప్రే ₹240, రెండోసారి కొన్న కేబుల్ ₹500, కార్ట్రిడ్జ్ ₹3,600 కలిపి ₹4,340 అనవసరం. మిగిలిన ₹5,540లో ₹2,300 రెంచిది. ఇంట్లో రెంచి ఉన్నవారికి ఇదంతా ₹3,240లో అవుతుంది. ఇదే లక్షణం ఉన్నవారు నా వరుసలో కాక ఈ వరుసలో వెళ్లడం మేలు: క్లాంపును టార్క్ రెంచితో 4 న్యూటన్ మీటర్లకు దించి కొలవడం, పోస్టును బయటికి తీసి కొలవడం, అందులోనూ పట్టేస్తే విప్పడం, లీవరు బరువు ఎక్కువగా ఉంటేనే కేబుల్ జోలికి పోవడం. మొదటి రెండింటికీ కలిపి ఇరవై నిమిషాలు చాలు.

మొత్తం: ₹9,880, పదిహేడు గంటలు.

కార్ట్రిడ్జ్ వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. అది అలమరలోనే ఉంది. అయితే సెప్టెంబరు 21న కొలిచేటప్పుడు మరొకటి గమనించాను: పూర్తిగా లేపిన సీటు మీద, లీవరు ముట్టుకోకుండా, బరువంతా వేసి కూర్చుంటే 2 మి.మీ. కుంగి, లేవగానే తిరిగి వస్తోంది. జూన్‌లో దీన్ని కొలవలేదు కనుక, అప్పుడే ఉందో, కొత్తగా వచ్చిందో చెప్పలేను. లోపలి గొట్టానికి ఒక ఓ-రింగు (రబ్బరు వలయం) తొడిగి పెట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం అది ఎంత కిందికి జరిగిందో కొలుస్తాను. 5 మి.మీ. దాటిన రోజున ఆ డబ్బా సీలు విప్పుతాను.